అందులో సముద్రం నీలం కాదండీ

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: టర్నర్ చిత్రం ప్రింటును రంగులు మార్చి, అంచులు మడిచి పంపడం గురించి.

అయ్యా,

నేను మీ దగ్గర ఆర్డరు పెట్టింది ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1842లో వేసిన ‘స్నో స్టార్మ్’ తైలవర్ణ చిత్రానికి కాన్వాస్ ప్రింటు. రేవు ముందర మంచుతుపానులో చిక్కుకున్న స్టీమర్ బొమ్మ. లండన్ టేట్ గ్యాలరీలో ఉన్న అసలు చిత్రం సుమారు మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. అదే కొలత అడిగాను. ‘అసలుకు అచ్చం నకలు’ అన్న మీ మాట నమ్మి ముందే డబ్బు కట్టాను.

మొన్న పార్సిల్ విప్పితే సముద్రం ఈతకొలనులా నీలంగా ఉంది. అసలు చిత్రం నిండా బూడిద, గోధుమ, మురికి తెలుపు రంగులే. అక్కడక్కడా నీలం ఉన్నా చాలా పల్చన. ఓడ వెనక వెలుగును మీరు ఎంత పెంచేశారంటే, సన్నటి గీతలాంటి మాస్టు (ఓడ మీద నిలువు స్తంభం) సగం ఆ తెలుపులో కలిసిపోయింది. పైగా నాలుగు వైపులా రెండేసి అంగుళాల బొమ్మను ఫ్రేము పక్కలకు మడిచేశారు. వేరే బొమ్మయితే సర్దుకునేవాణ్ణేమో. ఇందులో పొగ, అలలు, మంచు కలిసి ఓడ చుట్టూ సుడి తిరుగుతాయి. అంచులు పోతే ఆ సుడే తెగిపోతుంది.

ఈ ప్రింటు మా నాన్నగారి కోసం. విశాఖ హార్బరులో ఇరవయ్యెనిమిదేళ్లు పెద్ద ఓడలను లాగే టగ్గుల మీద పనిచేశారు. ఆ ఓడ సంకేతాలిస్తూ, సీసపు గుండు తాడుతో లోతు చూసుకుంటూ వెళ్తోందని చిత్రం పూర్తి పేరులోనే ఉంది. అది చదివి వినిపిస్తే, ‘ఒడ్డు దగ్గరైన కొద్దీ భయంరా, నడిసంద్రంలో కాదు’ అన్నారు. మీరు పంపింది చూసి ఒక్క మాటే అడిగారు: ‘ఇందులో గాలేదిరా?’

ఫోన్ చేస్తే, బొమ్మ కాంతిగా ఉంటేనే కొనేవాళ్లకు నచ్చుతుందని, అందుకే రంగులు సరిదిద్దుతామని మీవాళ్లు చెప్పారు. ఎవర్ని సరిదిద్దుతున్నారండీ? ఆ రోజుల్లోనే విమర్శకులు దీన్ని సబ్బునురుగు, సున్నం అని వెక్కిరిస్తే, వీళ్లు సముద్రం ఎలా ఉంటుందనుకుంటున్నారో అని టర్నర్ నొచ్చుకున్నాడట. ఈ సంగతి కళావిమర్శకుడు రస్కిన్ రాశాడు. తుపాను చూడ్డానికి నాలుగు గంటలు మాస్టుకు కట్టించుకున్నానని టర్నర్ చెప్పినట్టు కథ ఉంది. నిజమో కాదో పరిశోధకులకు అనుమానమే. చిత్రం చూస్తే మాత్రం నాకు నమ్మాలనిపిస్తుంది.

రంగులు ముట్టుకోకుండా, బొమ్మ మొత్తం ముందువైపే కనబడేలా, మడతకు విడిగా తెల్లగుడ్డ వదిలి మళ్లీ ప్రింటు చేసి పంపండి. కుదరకపోతే పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. పగటి వెలుతురులో తీసిన ఫోటోలు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

పాత ప్రింటు తీసుకెళ్లే మనిషిని సాయంత్రం నాలుగు తర్వాత పంపండి. మధ్యాహ్నం నాన్నగారు పడుకుంటారు.

భవదీయుడు,
విశాఖపట్నం నుంచి మీ ఖాతాదారు