నీ వాగ్దానపు కార్డు గురించి

చిన్నీ,

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నీకొచ్చిన వాగ్దానపు కార్డు, అదే కొత్త ఏడాదికని బైబిల్ వచనం రాసి ఇచ్చేది, ఫోటో చూశాను. యిర్మీయా 29:11, మీ గురించి నా ఆలోచనలు మీ క్షేమానికే గానీ హానికి కావు అని దేవుడన్న మాట. "నాన్నా, పై వచనంలో డెబ్బై ఏళ్ళు అని ఉందేంటి?" అని అడిగావు. నీ పదో తరగతి పరీక్షల ప్యాడ్ వెనక ఇదే వచనం రాసిచ్చింది నేనే, పై వచనం చదవకుండానే!

అది అసలు ఉత్తరమే తల్లీ. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యూదా రాజు యెకోన్యాని, అధికారుల్ని, చేతిపనివాళ్ళని బబులోనుకి పట్టుకుపోయాక, అక్కడున్నవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసి పంపాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి, డెబ్బై ఏళ్ళయ్యాకే దేవుడు మిమ్మల్ని తిరిగి తీసుకొస్తాడు అని. రేపో మాపో వెళ్ళిపోతామని మూటలు విప్పకుండా కూర్చున్నవాళ్ళకి డెబ్బై ఏళ్ళంటే, నా వయసువాడికి తను మళ్ళీ సొంతూరు చూడడని చెప్పినట్టే కదా. 28వ అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త రెండేళ్ళే అన్నాడు, బబులోనుకి లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని కూడా విరగ్గొట్టాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా. కానీ చూడు, హనన్యా మాటకి యిర్మీయా ముందు "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు. శిక్ష గురించి చెప్పడం ఆయనకేం సరదా కాదు.

ప్రేమగల దేవుడు సొంత జనాన్నే చెరకి పంపుతాడా అని కూడా అడిగావు. దానికి 34వ అధ్యాయం చదువు. బబులోను సైన్యం మళ్ళీ వచ్చి యెరూషలేముని చుట్టుముట్టినప్పుడు భయంతో, యెకోన్యా తర్వాతి రాజు సిద్కియా, పెద్దలూ తమ హెబ్రీ దాసదాసీల్ని విడిచిపెడతామని దేవాలయంలో ఒట్టేశారు, విడిచిపెట్టారు కూడా. ఐగుప్తు (ఈజిప్టు) సైన్యం వస్తోందని ముట్టడి కాస్త సడలిందో లేదో, వాళ్ళందర్నీ మళ్ళీ ఈడ్చుకొచ్చి పనిలో పెట్టుకున్నారు. అప్పుడు దేవుడన్నమాట ఏంటంటే, మీరు విడుదల ప్రకటించలేదు గనక నేనే మీకు విడుదల ప్రకటిస్తున్నా, కత్తికీ తెగులుకీ కరువుకీ అని. ఎంత చేదు ఎత్తిపొడుపో! ఇన్నాళ్ళూ ఈ తీర్పుని నేను రాజు పక్క నిలబడే చదివాను, ఆ రెండోసారి పట్టుబడిన దాసి పక్కన కాదు.

క్రీ.పూ. 586లో పట్టణం కాలిపోయాక, ఏమీ లేని బీదల్ని బబులోను సేనాధిపతి అక్కడే ఉంచి ద్రాక్షతోటలు, పొలాలు ఇచ్చాడని 39:10లో ఉంది. ఆ లోపు ముట్టడిలో ఆకలికి పోయిన బీదల సంగతేంటంటే నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనుని పట్టుకుని వాళ్ళని తిరిగి వెళ్ళనిచ్చేసరికి వెళ్ళింది చాలావరకు పిల్లలూ మనవలే.

కార్డు గోడకి అంటించుకో, వద్దనను. పక్కన పదో వచనం కూడా పెన్సిల్‌తో రాసుకో. 34 చదివాక ఆదివారం ఫోన్ చెయ్యి, అమ్మ కూడా వింటానంది.

నాన్న