నర్సింగ్ సీటుకు అడ్వాన్సు కట్టే ముందు జీతం లెక్క చూడండి

సంపాదకులకు,

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే శ్రీకాకుళం, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుల చుట్టుపక్కల నర్సింగ్, పారామెడికల్ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘నూరు శాతం ఉద్యోగం’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది కానీ చేరిన మొదటి నెల చేతికి ఎంత వస్తుందో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. ఫీజు గురించి గట్టిగా బేరమాడే తల్లిదండ్రులు కూడా ఆ సంగతి అడగడం లేదు. అప్పు చేసి చదివించే ఇంట్లో ముందు అడగవలసింది అదే.

జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్ల డిప్లొమా కోర్సు. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్ష చొప్పున బ్యాంకులో విద్యారుణం తీసుకున్నారనుకుందాం. వడ్డీ 11 శాతం. చదివే మూడేళ్లు, ఆపైన మరో ఏడాది వాయిదాలు ఉండవు. ఆ నాలుగేళ్లూ వడ్డీ కూడా ఉండదని చాలామంది అనుకుంటారు. డబ్బు తీసుకున్న రోజు నుంచే సాధారణ వడ్డీ నడుస్తుంది. మొదటి లక్షకు నాలుగేళ్ల వడ్డీ 44 వేలు, రెండో లక్షకు మూడేళ్లది 33 వేలు, మూడో లక్షకు రెండేళ్లది 22 వేలు. ఈ 99 వేలూ అసలులో కలిసిపోయి, వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 3.99 లక్షలకు చేరుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,830 రూపాయలు కట్టాలి. కొత్త స్టాఫ్ నర్సుకు 12 వేలిచ్చే ఆసుపత్రిలో పని దొరికిందంటే సగానికి పైగా జీతం బ్యాంకుకే పోతుంది.

చదువు నడుస్తుండగానే వడ్డీ కట్టేస్తే ఈ భారం తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకు 917, రెండో ఏడాది 1,833, మూడో ఏడాది నుంచి 2,750 రూపాయలు. అప్పుడు వాయిదా 3 లక్షల మీదే లెక్క కడతారు, సుమారు 5,140 అవుతుంది. ఇలా కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం వరకు తగ్గిస్తాయి కూడా. మేనేజరు తనంతట చెప్పకపోతే మీరే అడగండి.

లెక్కను జీతం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావడం మంచిది. వాయిదా జీతంలో మూడో వంతు దాటకూడదన్నది నా అభిప్రాయం. 12 వేల జీతానికి 4 వేలు. 11 శాతం వడ్డీకి, ఏడేళ్లకు, లక్షకు నెలకు 1,712 పడుతుంది. అంటే కలిసిన వడ్డీతో సహా బాకీ 2.33 లక్షలకు మించకూడదు. కాలేజీ చెప్పే మొత్తానికి ఆ వడ్డీ కలిపి చూస్తే అంతకన్నా ఎక్కువవుతుందంటే ఇంకో కాలేజీయో, ఇంకో కోర్సో చూసుకోవాలి. యూనిఫాం, రికార్డు పుస్తకాలు, క్లినికల్ పోస్టింగుకు (ఆసుపత్రిలో శిక్షణకు) వెళ్లే బస్సు, పరీక్ష ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు విడిగా అడుగుతారు. వాటినీ ముందే కాగితం మీద రాయించుకోండి.

బ్యాంకు మెట్లెక్కడం ఎందుకని ఊళ్లో ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నారు. ఏడాదికి అది 24 శాతం. ఏడాదికో లక్ష చొప్పున తెచ్చిన అదే మూడు లక్షలకు కోర్సు అయ్యేసరికి వడ్డీ ఒక్కటే లక్షా 44 వేలు. ఆ తర్వాత అసలు రూపాయి తగ్గకుండానే నెలకు 6 వేలు పోతూ ఉంటుంది. 7.5 లక్షల వరకు విద్యారుణాలకు కేంద్రం హామీ నిధి పథకం ఉంది. దాని కింద ఆస్తి తాకట్టు, బయటివారి పూచీ అక్కర్లేదు, తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. బ్యాంకు ఇవ్వనంటే కారణం అడగండి. కాలేజీకి గుర్తింపు లేకపోవడమే కారణమైతే ఆ అప్పు బయట తెచ్చి కట్టడం మరీ ప్రమాదం.

గుర్తింపు సంగతి మామూలు విషయం కాదు. ఆరు నెలల, ఏడాది సర్టిఫికెట్ కోర్సులు చౌకగా కనిపిస్తాయి. కానీ జిల్లా వైద్యారోగ్యశాఖ ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్లలో డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) గానీ అదే సబ్జెక్టులో డిగ్రీ అయిన బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ, దానితోపాటు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఇంటర్ ఒకేషనల్ చదివినవారైతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది శిక్షణ చూపాలి. ఇవి లేకపోతే దరఖాస్తు పరిశీలనలోనే పోతుంది. కాంట్రాక్టు పోస్టుల మెరిట్ జాబితాలో 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకు, పాసై గడిచిన ఒక్కో ఏడాదికి ఒక్కోటి చొప్పున 10 వరకు, మిగతా 15 కాంట్రాక్టు సర్వీసుకు. కొత్తగా పాసైన అమ్మాయికి చివరి రెండింటిలో సున్నా. అందుకే ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక తీర్చేద్దామని అప్పు చేయకండి.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు బీఎస్సీ నర్సింగ్ వారు నేరుగా రాయవచ్చు. జీఎన్ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఊళ్లోని చిన్న నర్సింగ్ హోంలో వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా ఆ అనుభవం దీనికి పనికిరాదు.

ఎక్కడ పనిచేస్తామన్నదీ జీతంలో భాగమే. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాస, సోంపేట వంటి చోట్ల డయాలసిస్ నడుస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా రెండేళ్లే. కంచిలి నుంచో కవిటి నుంచో రోజూ వెళ్లొస్తూ 12 వేలు తెచ్చుకునేవారి చేతిలో, హైదరాబాదులో 17 వేలు తెచ్చుకుని హాస్టలుకు 7 వేలు కట్టేవారికన్నా ఎక్కువ మిగులుతుంది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల నర్సింగ్, ఎక్స్‌రే కోర్సులు చదివేవారికి అక్కడి ప్రభుత్వం 2015 నుంచి కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్ నడుపుతోంది. చదివినవారి ఆదాయం, మిగిలిన అప్పు అందులో చూడవచ్చు, ఇప్పుడు కోర్సులవారీగా కూడా. మన పారామెడికల్ బోర్డు, నర్సింగ్ కౌన్సిల్ అంత చేయనక్కర్లేదు. కిందటి బ్యాచ్‌లో ఎందరు చేరారు, ఎందరు పాసయ్యారు, ఎక్కడ పనిలో ఉన్నారు, మొదటి నెల జీతమెంత అన్న వివరాలు ఒక్క కాగితం మీద ప్రతి కాలేజీ నుంచి తీసుకోవాలి. రెండు జిల్లాల కలెక్టర్లు ఆ కాగితాలను ఇంటర్ పరీక్షలు ముగిసేలోపే ప్రభుత్వ జూనియర్ కాలేజీల నోటీసు బోర్డుల మీద పెట్టించాలి. మెళియాపుట్టి, మెంటాడ వంటి చోట్ల ఇంటికి వచ్చిన ఏజెంటు మాట మీదే అడ్వాన్సు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించేస్తున్నారు. మధ్యలో మానేస్తామంటే మిగతా ఏళ్ల ఫీజు కట్టాకే అవి వెనక్కి ఇస్తామంటున్నారు.

— రిటైర్డ్ బ్యాంకు అధికారి, శ్రీకాకుళం