ఒకటే కాలు, మూడు శాతాలు

సంపాదకుల వారికి నమస్కారం.

వికలాంగుల పింఛన్ల తనిఖీ మీద పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన వార్త చదివాను. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ఆ రోజే రాసి ఉంటే మాట తూలేవాడిని. నోటీసులు అందిన వాళ్లందరినీ ఒక్క గాటన కట్టి 'అనర్హులు' అని రాసేశారు. ఆ నోటీసు మా అక్కకూ వచ్చింది. ఆమె అనర్హురాలు కాదు. ఆ సంగతి తేల్చుకోవడానికి మేం ఎన్ని తిప్పలు పడ్డామో మాకు తెలుసు.

అక్కకు 49 ఏళ్లు. రెండో ఏట జ్వరం వచ్చి తగ్గేసరికి కుడి కాలు చచ్చుబడింది. పోలియో. మోకాలి మీద చెయ్యి ఆనించి నొక్కితే తప్ప అడుగు పడదు. ఎడమ కాలితోనే మిషన్ తొక్కి జాకెట్లు కుడుతుంది. 2011లో సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి తేల్చే చోట, 65 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు. 2024 జూలైలో పింఛన్ 3 వేల నుంచి 6 వేలకు పెరిగినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాం. పెంచిన ప్రభుత్వానికి ఆ పేరు దక్కాల్సిందే. మరుసటి ఏడాదే, అందరూ మళ్లీ డాక్టర్‌కు చూపించుకోవాలన్నారు.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను. మా మండలంలోనే చెవులు చక్కగా వినపడేవాళ్లు వినపడదని రాయించుకున్నారు. వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టిన డాక్టర్ ఎవరు, మధ్యలో డబ్బు తిన్నది ఎవరు అన్నది ముందు తీయాలి కదా. వాళ్ల జోలికి పోకుండా నడవలేని మనిషిని ఆసుపత్రుల చుట్టూ తిప్పడం ఏం న్యాయం?

తనిఖీ రోజు అక్కకు ఇచ్చిన స్లాట్ ఉదయం 8 గంటలకు. ముందు రోజు రాత్రి నుంచే అక్క మంచినీళ్లు మానేసింది. దారిలో సీసా ఇస్తే వద్దంది. ఆసుపత్రిలో మరుగుదొడ్డికి వెళ్లాలంటే రెండు మెట్లెక్కాలి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. లోపల గొంతుకూర్చునే దొడ్డి. మోకాలు వంగితే ఆమె మళ్లీ లేవలేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు, నేనే అక్కడికి వెళ్లాక గాని గ్రహించలేదు. మధ్యాహ్నం 2 దాటాక పేరు పిలిచారు. అప్పటిదాకా ఎండలో వేపచెట్టు కింద కనీసం వంద మంది, సగానికి సగం నేల మీదే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని నిబంధనలు 2017లో వచ్చాయి. అప్పటి నుంచి అయిదేళ్లలో ప్రభుత్వ భవనాలన్నీ వీళ్లు వాడుకునేలా మార్చాలని అందులో ఉంది. గడువు దాటి ఏళ్లవుతోంది. పేరు మాత్రం మార్చి 'విభిన్న ప్రతిభావంతులు' అంటున్నారు. మాకు పేరు కంటే ఆ కమ్మీ ముఖ్యం.

లోపల పట్టింది రెండు నిమిషాలు. కాలు ఎత్తమన్నారు, ఆమె ఎత్తలేకపోయింది, వెళ్లమన్నారు. టేపు బయటికి తీయలేదు. కండ బలం ఎంత, కీలు ఎంత వంగుతుంది, ఒంటికాలి మీద నిలకడ ఎంత, ఇవన్నీ విడివిడిగా చూసి లెక్క కట్టాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవేవీ చూడకుండా ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి నోటీసు పంపారు. 37 శాతమట. పింఛన్‌కు కనీసం 40 ఉండాలి, దానికి మూడు తక్కువ కాబట్టి రద్దు.

ఎంపీడీవో ఆఫీసులో అప్పీలు పెట్టుకున్నాం. అక్కడ అడిగితే సచివాలయం అంటారు, సచివాలయంలో అడిగితే సైట్ పనిచేయడం లేదంటారు. ఈసారి స్లాట్ 60 కిలోమీటర్ల అవతల ఇంకో ఆసుపత్రికి పడింది. ఆటోకి 1,800 రూపాయలు, నాకు ఒక రోజు కూలి పోయింది. అక్కడి డాక్టర్ గారు మాత్రం కూర్చోబెట్టి, టేపు పెట్టి, రెండు కాళ్లూ కొలిచి 57 శాతం రాశారు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. 65, 37, 57. నలభై ఏడేళ్లుగా ఆ కాలు అలాగే ఉంది. అంకె ఎందుకు మారిందో చెప్పే నాథుడు లేడు.

పింఛన్ నిలబడింది. అయినా వీధిలో 'ఇన్నాళ్లూ తీసుకున్నది దొంగ పింఛనా?' అని అక్క మొహం మీదే అడిగారు. వారం రోజులు ఆమె గడప దాటలేదు. కుట్టడానికి ఇచ్చిన బట్టలు కొందరు వెనక్కి తీసుకెళ్లారు.

15 వేల పింఛన్ తీసుకునే, మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు 2025 జనవరిలో డాక్టర్ల బృందాలే వెళ్లాయి. అంత చేయగలిగినప్పుడు, మిగిలిన వాళ్ల కోసం మండలానికో రోజు డాక్టర్‌ను పంపడం అసాధ్యమా? ఏం కొలిచారో, దేనికి ఎంత వేశారో సర్టిఫికెట్ వెనక రాసి ఇస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఇక ఢిల్లీ సంగతి. వికలాంగుల పింఛన్‌లో కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు, అదీ వైకల్యం 80 శాతం ఉన్న పేదలకే. 2012 నుంచి ఆ మొత్తం కదల్లేదు. కార్డులకు మాత్రం కొదవ లేదు. సదరం ఒకటి, కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఒకటి, రైల్లో రాయితీకి ఇంకొకటి. ఒక్కో దానికీ ఒక్కో తిరుగుడు. తిరగలేని వాళ్లకే ఈ తిరుగుళ్లన్నీ.

మీ పత్రికను నేను అడిగేది ఒక్కటే. నోటీసులు ఎంతమందికి వెళ్లాయో అంకెతో సహా వేశారు. అప్పీలులో ఎంతమందికి పింఛన్ తిరిగి నిలబడిందో కనుక్కుని అదీ వేయండి, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో. మొన్నటి వార్తను మా వీధి చివర టీ కొట్టు దగ్గర పైకి చదివి వినిపించారు. ఇదీ అక్కడ చదువుతారు.

– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా