‘తక్కువ సోడియం’ ఉప్పు ప్యాకెట్‌పై పొటాషియం పాళ్లు ఎందుకు లేవు?

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్‌పై పదార్థాల పాళ్లు, ఆరోగ్య హెచ్చరిక లేకపోవడం, రుచి గురించి అవాస్తవ ప్రకటన.

ఆర్యా,

మా వారికి రక్తపోటు ఉంది. ఉప్పు తగ్గించాలి, అయినా భోజనం నోటికి హితవుగా ఉండాలి అన్న ఉద్దేశంతో మీ ఉప్పు కొన్నాను. ప్యాకెట్ ముందు వైపు ‘సోడియం తక్కువ’, ‘గుండెకు మేలు’, ‘రుచిలో తేడా లేదు’ అని పెద్ద అక్షరాలతో ముద్రించారు. వెనక వైపు కళ్లు చిట్లించి చూస్తే ‘సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్’ అన్న రెండు పేర్లు మాత్రం కనిపిస్తాయి. ఏది ఎంత ఉందో ఎక్కడా లేదు.

మా వారు వాడుతున్న రక్తపోటు మందు శరీరంలో పొటాషియాన్ని పెంచే రకం. ప్యాకెట్ చూపించగానే డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న ఇందులో పొటాషియం ఎంత అని. ప్యాకెట్‌పై జవాబు లేదు. రక్తపరీక్ష అయ్యేదాకా ఆ ఉప్పు పక్కన పెట్టమన్నారు. మీ సహాయ కేంద్రానికి ఫోను చేసి అదే ప్రశ్న అడిగితే, ‘పొటాషియం సహజమైన ఖనిజమే కదా, ఏ హానీ ఉండదు’ అన్నారు. నేను ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఆ జవాబే.

పొటాషియాన్ని ఒంట్లోంచి బయటికి పంపే పని ప్రధానంగా మూత్రపిండాలది. అవి మందగించిన వారిలో అది రక్తంలో పేరుకుపోయి గుండె లయను దెబ్బతీయగలదు, ప్రాణం మీదికి తేగలదు. రక్తపోటుకు విరివిగా ఇచ్చే ఏసీఈ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీ మందులు, స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. మీ ఉప్పు కొనేది ఎవరు? ఎక్కువగా రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారే. అంటే ఈ మందులు వాడుతూ ఉండగల వారే. హెచ్చరిక ఎవరికి అత్యవసరమో వారి చేతికే మీరు హెచ్చరిక లేని ప్యాకెట్ అందిస్తున్నారు.

పాళ్లు తెలియకపోతే ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూశాను. ఒక టీస్పూను, అంటే సుమారు 5 గ్రాముల మామూలు ఉప్పులో 2,000 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. మీ మిశ్రమం 75:25 అయితే, అంటే మామూలు ఉప్పు (సోడియం క్లోరైడ్) 75 పాళ్లు, పొటాషియం క్లోరైడ్ 25 పాళ్లు అయితే, అదే టీస్పూనులో సుమారు 1,475 మిల్లీగ్రాముల సోడియం, 650 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. 50:50 అయితే పొటాషియం ఒక్కసారిగా 1,300కు చేరుతుంది. ఈ రెండింటిలో మా వంటింట్లో ఉన్నది ఏది?

పొటాషియం కలిపిన ఉప్పు చెడ్డదని నేను అనడం లేదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. 75:25 పాళ్ల ఉప్పు వాడిన వారిలో పక్షవాతం 14 శాతం తగ్గిందని తేలింది. ఎందరికో మేలు చేయగల వస్తువు ఇది. కానీ ఆ అధ్యయనంలోకి తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని తీసుకోలేదు. 2025లో ఇలాంటి ఉప్పును సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మూత్రపిండాల సమస్య ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను ఆ సూచన నుంచి మినహాయించింది. మేలు గురించిన మాట ప్యాకెట్ ముందుకు ఎక్కింది, మినహాయింపు మాత్రం వెనక వైపున కూడా లేదు.

ఇక రుచి. ‘తేడా లేదు’ అన్నది నిజం కాదు. పొటాషియం క్లోరైడ్‌లో ఉప్పదనం వెంట చేదు, లోహం నాకినట్టుండే రుచి వస్తాయి. దాని మోతాదు పెరిగిన కొద్దీ అవి బయటపడతాయి. పులుపు, కారం బాగా ఉన్న వంటలో అంతగా తెలియదు కానీ, ఉడికించిన కూరగాయల మీద చల్లితే మొదటి ముద్దలోనే తెలుస్తుంది. మా వారు తినలేక పళ్లెం పక్కకు జరిపారు. ఈ సంగతి ముందే చెప్పి, నిమ్మరసం, వెల్లుల్లి, వేయించి దంచిన మిరియాలు, పుట్టగొడుగుల వంటి వాటితో ఆ చేదును ఎలా కప్పవచ్చో రాసి ఉంటే ఎంత ఉపయోగంగా ఉండేది! ఉప్పును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుందని చెప్పినా చాలు.

దానికి బదులు ప్యాకెట్‌లో పెట్టిన కాగితంలో ‘రుచికి సరిపోయేంత ధారాళంగా వాడండి’ అని రాశారు. ఇది మాత్రం క్షమించరానిది. 75:25 ఉప్పును రెట్టింపు వేస్తే సోడియం మామూలు ఉప్పు కంటే ఒకటిన్నర రెట్లు అవుతుంది, పొటాషియమూ రెట్టింపవుతుంది. డబ్బు పెట్టి కొన్న జాగ్రత్త అంతా ఆ ఒక్క వాక్యంతో గంగపాలు.

మీ సంస్థదే మరో పొడి, ‘ఉప్పుకు బదులు’ అని అమ్ముతున్న సుగంధ ద్రవ్యాల మిశ్రమం కూడా చూశాను. పదార్థాల జాబితాలో మొదటి పేరు ఉప్పే! ఎక్కువ బరువు ఉన్నదాన్ని ముందు రాస్తారని మీకు నేను చెప్పనక్కర్లేదు. అసలైన సుగంధ ద్రవ్యాలతో, చిటికెడు ఉప్పు కూడా కలపకుండా అలాంటి పొడి చేస్తే మొదట కొనేది నేనే.

నేను కోరేవి ఇవి. ప్యాకెట్‌పై ఉన్న బ్యాచ్ నంబరు ఈ లేఖతో జతచేశాను. ఆ బ్యాచ్‌లో 100 గ్రాములకు సోడియం ఎంత, పొటాషియం ఎంత, అయోడిన్ కలిపారా లేదా అన్నది రాతపూర్వకంగా తెలపండి. కొత్త ప్యాకెట్లపై ఆ అంకెలను, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాడరాదన్న హెచ్చరికను ముందు వైపే, ‘గుండెకు మేలు’ అన్నంత పెద్ద అక్షరాల్లో ముద్రించండి. ‘ధారాళంగా వాడండి’ అన్న కాగితాన్ని తక్షణం ఆపండి. ఫోను ఎత్తే సిబ్బందికి పొటాషియం ఎవరికి ప్రమాదమో నేర్పండి. అది నేర్పేదాకా ‘హాని లేదు’ అన్న మాట వారి నోట రానివ్వకండి.

ప్యాకెట్ ఖరీదు వాపసు ఇస్తామని మీ సిబ్బంది అన్నారు. నాకు అది వద్దు, పైన అడిగిన అంకెలు పంపండి.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: ప్యాకెట్ రెండు వైపుల ఫొటోలు, లోపలి కాగితం, కొనుగోలు రసీదు నకలు.