బోర్ కొడుతోందంటే ఇంకో క్లాసులో వేయకండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తేదీలు, పదో తరగతి ప్రీఫైనల్ టైంటేబుల్, బస్సు రూట్ల మార్పులు ఈ వార్తాలేఖ వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని వేరే సంగతికి వాడుకుంటున్నాను.

డిసెంబరు పేరెంట్స్ మీటింగులో మార్కుల ముచ్చట అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ లేస్తూ చాలామంది ఒకే మాట అడిగారు. "మేడమ్, మావాడికి ఎప్పుడు చూసినా బోరేనంట. ఫోన్ తీసేసుకుంటే ఫ్యాను వంక చూస్తూ పడుకుంటాడు. ఈ సెలవుల్లో దేంట్లోనైనా చేర్పించమంటారా?" ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లే ఎక్కువ. ఆడపిల్లల అమ్మలు కూడా ఇదే అడిగారు, కాకపోతే "మా పాప ఊరికే చిరాకు పడుతోంది" అన్నారు.

చేర్పించకండి. కనీసం ఈ పది రోజులైనా.

మన పిల్లల రోజు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పొద్దున్నే లేపేది మీరు, వ్యాను ఎక్కమనేది డ్రైవరు, పీరియడ్ మారిందని చెప్పేది బెల్లు, సాయంత్రం స్టడీ అవర్, ఆ తర్వాత ట్యూషన్. దీంట్లో మా వాటా చాలా ఉంది, కాదనను. ఇన్నేళ్లు ఇలా నడిచిన పిల్లవాడి చేతిలో ఖాళీ మధ్యాహ్నం ఒకటి పెట్టి "ఏదో ఒకటి చేసుకో" అంటే వాడికి తోచదు. తోచకపోవడాన్నే వాడు బోర్ అంటున్నాడు. ఆ ఖాళీని కరాటేతోనో అబాకస్‌తోనో నింపేస్తే ఇంకో బెల్లు, ఇంకో టీచరు, ఇంకో లెవెల్. వాటిలో బాగా రాణించే పిల్లలున్నారు, వాళ్ల జోలికి నేను పోను. కానీ తోచని పిల్లవాడికి కావలసింది అది కాదు. తను ఎంచుకున్నది, మానేసినా ఎవరూ నిలదీయనిది, చేసేకొద్దీ పెరుగుతున్నట్టు కంటికి కనబడేది కావాలి. రీల్స్ గంటసేపు చూసినా చివరికి చేతిలో ఏమీ మిగలదు. నోటుబుక్కు అయితే నాలుగు పేజీలు నిండుతుంది.

స్టాఫ్‌రూమ్‌లో ఈ చర్చ వచ్చినప్పుడు నేను రాధాగోవింద చంద్ర కథ చెప్పాను. మీకూ చెబుతాను.

ఆయనది బెంగాల్‌లోని జెస్సూరు ప్రాంతం, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. 1878లో పుట్టారు. ఎంట్రన్స్ పరీక్ష మూడుసార్లు తప్పారు. చివరికి కలెక్టరాఫీసు ట్రెజరీలో నాణేలు మంచివో కావో చూసే చిన్న ఉద్యోగం దొరికింది. చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే ఇష్టం. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు బైనాక్యులర్‌తో చూసి, చూసింది చూసినట్టు రాసుకున్నారు. రెండేళ్లకు ఇంగ్లండు నుంచి మూడంగుళాల చిన్న టెలిస్కోపు తెప్పించుకున్నారు. 1918 జూన్‌లో గరుడ రాశిలో అంతకుముందు లేని ఒక చుక్క ఆయన కంటబడింది. అది నోవా. ఉన్నట్టుండి వేల రెట్లు వెలిగే నక్షత్రం. ప్రపంచంలో ఇంకా కొందరు అదే సమయంలో దాన్ని చూశారు, కానీ జెస్సూరులో ఉన్న ఈ గుమాస్తాకు ఎవరూ చెప్పలేదు. ఆకాశం ఆ మూల ఎలా ఉండాలో తెలుసు కాబట్టి ఆయనే పోల్చుకున్నారు.

ఆ తర్వాత అమెరికాలోని ఎ.ఎ.వి.ఎస్.ఓ. అనే సంఘంతో ఉత్తరాలు మొదలయ్యాయి. కాంతి పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించేవాళ్ల సంఘం అది. పరిశీలకుల్లో ఎక్కువమంది ఖగోళ శాస్త్రం వృత్తిగా లేనివాళ్లే. చంద్ర పని చూసి 1926లో వాళ్లు ఆరంగుళాల టెలిస్కోపును సముద్రం దాటించి పంపారు. పగలు ట్రెజరీ, రాత్రి ఆకాశం. 1954 వరకూ ఆయన పంపిన పరిశీలనలు 37 వేలకు పైనే. దేశ విభజన తర్వాత పశ్చిమ బెంగాల్‌కు వచ్చేశారు. వయసు మీదపడ్డాక ఆ టెలిస్కోపు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పుకు చేరింది. బప్పు మన హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో, అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే కేంద్రంలో పనిచేసేవారు. తమిళనాడులో కావలూరు వేధశాల వెలిసింది బప్పు చేతుల మీదుగానే, చంద్ర గారి టెలిస్కోపు కూడా అక్కడికే చేరింది.

ఈ కథ విని మా సైన్సు మాస్టారు, "అయితే టెలిస్కోపు కొనమంటారా మేడమ్?" అన్నారు. వద్దు. చంద్ర కూడా మొదట కంటితో, బైనాక్యులర్‌తోనే చూశారు. సామాను ముందు కొంటే ఆ సామానే బరువవుతుంది. మూల పడేసిన గిటార్లు మీ ఇళ్లలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

సెలవుల్లో అమ్మమ్మ ఊరు వెళ్లే పిల్లలకు మంచి అవకాశం. అక్కడ వీధిలైట్లు తక్కువ. రాత్రి ఎనిమిదింటికి మేడ ఎక్కి తూర్పు వైపు చూడమనండి. మూడు చుక్కలు ఒకే వరసలో దగ్గరదగ్గరగా కనబడతాయి. వాటికి ఎడమ పక్కన కాస్త ఎర్రగా వెలిగేది ఆర్ద్ర. ఆ మూడు చుక్కల వరసను పైకి సాగదీస్తే ఇంకో ఎర్రటి నక్షత్రం తగులుతుంది, అది రోహిణి. కిందికి సాగదీస్తే ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్. మామూలుగా ఆర్ద్రకు రోహిణి కంటే వెలుగు ఎక్కువ. కానీ 2019 చివరి నుంచి ఆర్ద్ర మసకబారుతూ వచ్చింది. 2020 ఫిబ్రవరికల్లా మామూలు కాంతిలో మూడోవంతుకు పడిపోయి రోహిణి కంటే వెలవెలబోయింది. ఆ తర్వాత కోలుకుంది. నక్షత్రం నుంచి ఎగజిమ్మిన పదార్థం చల్లారి దుమ్ము మబ్బులా అడ్డుపడటం కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తేడా పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, మేడ మీద నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్లకు కూడా తెలిసేది. రోజూ ఒక్క వాక్యం చాలు: తేదీ, సమయం, మబ్బు ఉందా, ఆర్ద్ర ఎక్కువా రోహిణి ఎక్కువా. చంద్ర చేసిన పనీ ఇదే, పక్క నక్షత్రంతో పోల్చి రాసుకోవడం. స్టెల్లేరియం అనే ఉచిత యాప్ ఉంటే పేర్లు తెలుస్తాయి. అలాంటి పనికి ఫోన్ ఇవ్వండి, నేనేమీ అనను.

ఆడపిల్ల చీకట్లో మేడ మీద ఒక్కతే ఏం చేస్తుందని సందేహించే నాన్నలు పక్కన చాప వేసుకుని కూర్చోవచ్చు. కిందికి రమ్మని మాత్రం పిలవకండి.

అందరికీ ఆకాశం నచ్చాలని లేదు. ఇది ధనుర్మాసం కాబట్టి ముగ్గుల మాట. మన ఇళ్లలో ముగ్గును ఆడపిల్లల పనిగా చూస్తాం, పైగా హాబీ జాబితాలో ఎవరూ రాయరు. మా లెక్కల టీచరు ఒకరోజు బోర్డు మీద "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క" అని రాసి, మొత్తం చుక్కలెన్ని అని అడిగారు. ఇంట్లో రోజూ ముగ్గు వేసే పిల్లలకు ఆ భాష వచ్చు: మధ్య వరసలో 15, దానికి అటూ ఇటూ 14, 13, అలా తగ్గుతూ 8 వరకు. కూడితే 169. అది 13 వర్గం. క్లాసంతా ఎగిరి గంతేసింది. ఏదో సూత్రం దొరికిందనుకున్నారు. తర్వాత 13 చుక్కలు, 7 వరకు వేసి చూస్తే 127 వచ్చింది, అది ఏ సంఖ్యకూ వర్గం కాదు. మరి మొదటిది ఎందుకు కుదిరింది? మళ్లీ ఎక్కడ కుదురుతుంది? ఒక అబ్బాయి దీన్ని పట్టుకుని ఇంకా వదల్లేదు. వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చుని మెలికల ముగ్గులు గళ్ల కాగితం మీదికి ఎక్కిస్తున్నాడు. చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగిసేవి ఏవి, రెండు మూడు గీతలు కావలసినవి ఏవి అని విడదీస్తున్నాడు. దీనికి పరీక్షలో అర మార్కు కూడా రాదు. ఆ సంగతి వాడికి తెలుసు.

పిట్టలు చూడటం ఇంకా తేలిక. మన స్కూలు వేపచెట్టు మీదే గోరింకలు, పికిలిపిట్టలు, అప్పుడప్పుడు ఒక జెముడుకాకి. పొలం గట్లకు వెళ్తే గేదె వీపు మీద పసులపోలిగాడు, కాలువ తీగ మీద లకుముకిపిట్ట. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఒకచోట పావుగంట నిలబడి కనబడ్డవాటిని లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు. ఈసారి మన పిల్లలు కూడా చేరతారు. వీలైనవాళ్లు సెలవుల్లో గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లండి. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు వందలకొద్దీ కాపురం పెట్టిన చోటు అది.

స్టాంపుల సంగతి కావాలనే చివరకు ఉంచాను, ఎందుకంటే దీంట్లో డబ్బు ఉంది. తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన పెట్టింది. 6 నుంచి 9 తరగతుల పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్, దేశం మొత్తం మీద 920 మందికి. కిందటి పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు. స్కూలు ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బులో సభ్యత్వమో, పోస్టాఫీసులో సొంత ఫిలాటెలీ డిపాజిట్ ఖాతానో ఉండాలి. ముందు క్విజ్, తర్వాత స్టాంపుల మీద ఒక ప్రాజెక్టు. వివరాలు హెడ్ పోస్టాఫీసులో చెబుతారు.

ఆరు వేలు అనగానే "స్టాంపుల కోచింగ్ ఎక్కడ ఇస్తారు?" అని నాకు ఫోన్ చేసేవాళ్లు ఉంటారని తెలుసు. దయచేసి చేయకండి. స్వతంత్ర భారతదేశపు తొలి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది. దాని మీద మన జెండా, జైహింద్ అనే మాట, వెల మూడున్నర అణాలు. ఆ బొమ్మ చూసిన పిల్లవాడు అణా అంటే ఏంటని తాతయ్యను అడుగుతాడు. రూపాయికి పదహారణాలని, 1957లో నయాపైసలు వచ్చాక సంతలో జనం తికమకపడ్డారని తాతయ్య మొదలుపెడతాడు. ఆ సాయంత్రం అలా గడిస్తే స్కాలర్‌షిప్ వచ్చినా రాకపోయినా నాకు సంతోషమే. క్విజ్ కోసం తేదీలు బట్టీ పట్టిస్తే అది ఇంకో సోషల్ పేపరే.

మీ వైపు నుంచి రెండు మాటలు ఆపుకోగలిగితే చాలు. ఒకటి, "దీనివల్ల ఏం ఉపయోగం?" రెండోది, "మొన్న మొదలుపెట్టావు, అప్పుడే మానేశావా?" మానేయనివ్వండి. నెల రోజులు పిట్టలు చూసి, ఆపేసి, సైకిల్ చైను విప్పి మళ్లీ బిగించడం మీద పడ్డవాడికి ఏం నష్టం జరిగింది? వాడికి వేటి మీద బుద్ధి నిలవదో తెలిసింది, అదీ ఉపయోగమే. మూడోది కూడా ఉంది. చుట్టాలు రాగానే "మావాడు నక్షత్రాలు చెబుతాడు, ఏదీ చెప్పరా" అని నిలబెట్టకండి. మర్నాటి నుంచి వాడు మేడ ఎక్కడు. అలాగని పట్టించుకోకుండా వదిలేయమని కాదు. వాడంతట వాడు నోటుబుక్కు తెచ్చి చూపిస్తే టీవీ ఆపి చూడండి, తెలియనిది అడగండి.

పదో తరగతి తల్లిదండ్రులు ఇదంతా చదివి కంగారు పడకండి. మార్చి దాకా వాళ్లకు టైంటేబుల్ తప్పదు. అయినా రాత్రి పడుకునే ముందు పావుగంట మేడ మీదికి వెళ్తే సిలబస్ ఎటూ పోదు.

సెలవుల తర్వాత శనివారాలు చివరి రెండు పీరియడ్లు 6 నుంచి 9 తరగతుల వాళ్లకు ఖాళీగా వదులుతున్నాం. లైబ్రరీ, సైన్సు ల్యాబు, గ్రౌండు తెరిచి ఉంటాయి. ఎవరికి ఏది కావాలంటే అది. మార్కులు, సర్టిఫికెట్లు, యాన్యువల్ డే ప్రదర్శన ఏమీ ఉండవు. మొదటి రెండు వారాలు గోల గోలగా ఉంటుంది, సగంమంది కబుర్లతో గడిపేస్తారు. గడపనివ్వమని టీచర్లకు చెప్పాను.

దీనికి మీ సాయం కావాలి. మీలో రేడియోలు బాగుచేసేవాళ్లు, వడ్రంగులు, తేనెటీగలు పెంచేవాళ్లు, మోటారు వైండింగ్ చేసేవాళ్లు, కుట్టుపని వచ్చినవాళ్లు, పాత నాణేలు దాచినవాళ్లు ఉన్నారు. నెలకో శనివారం వచ్చి మీ పని మీరు చేసుకుంటూ కూర్చుంటే చాలు, పాఠం చెప్పక్కర్లేదు. చుట్టూ చేరే పిల్లలు వాళ్లే చేరతారు. రాగలిగినవాళ్లు కింది చీటీ నింపి ఈ నెల 25 లోగా క్లాస్ టీచరుకు పంపండి. పని పేరు, రాగల శనివారం రాస్తే సరిపోతుంది. గ్యాసు, రంపం, వేడి ఇనుము లాంటివి వాడే పనైతే ముందే చెప్పండి, దగ్గర ఇద్దరు టీచర్లను ఉంచుతాం.

సంక్రాంతి శుభాకాంక్షలతో,

మీ
ప్రధానోపాధ్యాయురాలు