ఆ ఫొటోలోనివి స్థానిక బ్లూబెల్స్ కావు

సంపాదకులకు,

ఇంగ్లండ్ తోటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చెట్టు నీడలో ఏదీ పూయదనుకుని ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది పెరట్లో ఆ మూలకు రాళ్లు పరిచేసి వదిలేస్తుంటారు కాబట్టి, అలాంటి చోట బ్లూబెల్స్ (దుంప నుంచి మొలిచి, గంటల్లాంటి నీలం పూలు పూసే మొక్కలు) నాటుకోమన్న రచయిత సలహా మెచ్చదగినదే. అయితే పక్కన వేసిన ఫొటోలోని మొక్కలు బ్రిటన్ స్థానిక జాతివి కావు. అవి స్పెయిన్ జాతివో, రెండూ కలిసి పుట్టిన సంకరాలో అయి ఉండాలి. ఆ బొమ్మను మనసులో పెట్టుకుని దుకాణానికి వెళ్లినవారు ఏ దుంపలు కొనకూడదో సరిగ్గా వాటినే కొని తెచ్చుకునే ప్రమాదం ఉంది.

స్థానిక బ్లూబెల్ కాడ కొస ఒక పక్కకు వాలి ఉంటుంది. పూలు దాదాపు అన్నీ ఆ వాలిన వైపే వేలాడతాయి. ఒక్కో పువ్వూ సన్నటి గొట్టంలా ఉండి, రేకుల కొసలు బాగా వెనక్కి చుట్టుకుంటాయి, దగ్గరికి వెళితే తీయటి వాసన తెలుస్తుంది. మీ ఫొటోలో ఉన్నట్టు కాడ నిటారుగా నిలబడి, పూలు చుట్టూతా వచ్చి, వాటి నోళ్లు విప్పారి ఉంటే అది స్పెయిన్ వైపు లక్షణం. వాటికి వాసన కూడా ఉండీ లేనట్టే. అప్పటికీ అనుమానం తీరకపోతే, అప్పుడే విచ్చిన పువ్వును వేలితో పైకెత్తి పుప్పొడి చూడాలి. మీగడ తెలుపైతే స్థానికం, నీలిరంగైతే కాదు. సంకర మొక్కల్లో రెండు జాతుల గుర్తులూ కలగలిసి ఉంటాయి గనుక ఒక్క లక్షణంతో తేల్చేయకూడదు.

ఇదంతా చాదస్తమని కొందరు అనవచ్చు. కానీ ప్రపంచంలోని స్థానిక బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయని అంచనా. తోటలో పూసిన స్పెయిన్ జాతి పుప్పొడిని తేనెటీగలు దగ్గరి అడవికి మోసుకుపోతే అక్కడ సంకరం మొదలవుతుంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌రిడ్జ్ లాంటి అడవుల పక్కనే ఇళ్లున్నవారికి ఇది చిన్న విషయం కాదు. అలాగని అడవిలోని దుంపలు తవ్వి తెచ్చుకోవడమూ కుదరదు. స్థల యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా పెకలించడం 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం ప్రకారం నేరం. 1998 నుంచి అడవి బ్లూబెల్స్ అమ్మకంపైనా నిషేధం ఉంది. కాబట్టి పొట్లం మీద ఉత్త ‘బ్లూబెల్స్’ అని ఉంటే చాలదు. హయసింథాయిడిస్ నాన్ స్క్రిప్టా అన్న స్థానిక జాతి శాస్త్రీయ నామం ఉందా, దుంపలను నర్సరీలోనే పెంచారా అని అడిగి కొనాలి.

నీడ విషయంలో వ్యాసం మరీ తేలిగ్గా దాటేసింది. ఈ మొక్క చలికాలం చివర్లో ఆకు వేసి, ఏప్రిల్, మే నెలల్లో పూసి, పైన చెట్ల ఆకులు దట్టమయ్యేలోగా తన ఏడాది పని ముగించుకుంటుంది. అందుకే ఓక్, బీచ్, హేజెల్ వంటి ఆకురాల్చే చెట్ల కింద దానికి హాయిగా ఉంటుంది. ఏడాది పొడవునా చీకటిగా ఉండే సతతహరిత కంచె కింద అలా ఉండదు. కుళ్లిన ఆకుల ఎరువు కలిపిన, తేమ నిలిచినా నీరు నిలవని నేలలో, సెప్టెంబరు నుంచి నవంబరు లోపు, మొన పైకి ఉండేలా సుమారు 10 సెంటీమీటర్ల లోతున, అంతే ఎడంతో నాటాలి. ఈ దుంపలు త్వరగా ఎండిపోతాయి గనుక తెచ్చిన రోజే నాటడం మంచిది. చూడటానికి చిన్న ఉల్లిపాయల్లా ఉంటాయి కానీ విషపూరితం, అందువల్ల వాటిని వంటగది గట్టు మీద పెట్టకూడదు. నాటేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పూలు రాలాక ఆకులు వాటంతట అవి పండిపోయేదాకా కోయకూడదు, తొక్కకూడదు. మరుసటి ఏటి పువ్వుకు కావలసిన ఆహారాన్ని దుంపకు చేరవేసేది ఆ ఆకులే. విత్తనం నుంచి పెంచితే పువ్వు చూడటానికి ఐదేళ్ల వరకు పట్టవచ్చు. దుంపలు నాటమనడం అందుకే.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువుల కోసం ఈ దుంపలను సూట్‌కేసులో వేసుకెళ్లాలనుకునేవారికి ఒక మాట. మన మైదానాల్లో ఈ మొక్కకు కావలసిన చలి ఉండదు. పైగా భారతదేశంలోకి దుంపలు తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ అవసరం. బ్లూబెల్ కుటుంబపు మొక్కే కావాలనుకుంటే మన నక్కవుల్లిగడ్డ ఉండనే ఉంది, దాని దుంప కూడా విషమే అనుకోండి.

ఇక ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్నవారి పెరట్లో బ్లూబెల్స్ ముందే ఉంటే, ఏప్రిల్‌లో పుప్పొడి చూసి జాతి తేల్చుకున్నాకే కొత్తవి నాటాలి. స్పెయిన్ జాతిదని తేలితే విత్తనం కట్టకముందే దుంపతో సహా తవ్వి తీయాలి. తీసినవాటిని కంపోస్టు కుప్పలోనో, కంచె అవతలనో పారేస్తే అక్కడే మళ్లీ మొలుస్తాయి.

— ఒక పాఠకురాలు,
వాట్‌ఫర్డ్, ఇంగ్లండ్