మా మోషన్ కంట్రోలర్‌కు ఈథర్‌నెట్ వచ్చింది, కేబుల్ పెట్టే ముందు ఇది చదవండి

మా కస్టమర్లందరికీ,

మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్న ఈథర్‌నెట్ సపోర్ట్ మా మోషన్ కంట్రోలర్ కొత్త ఫర్మ్‌వేర్‌లో వచ్చేసింది. మోడ్‌బస్ టీసీపీ, ఈథర్‌నెట్/ఐపీ అనే రెండు ప్రోటోకాళ్లూ పనిచేస్తాయి. ప్రొఫీనెట్ లేదు. ఫలానా నెలకల్లా ఇస్తామని ఊరించడం మాకు ఇష్టం లేదు. మీ పీఎల్‌సీ (మెషిన్ మొత్తానికి ఆదేశాలిచ్చే కంట్రోలర్) ప్రొఫీనెట్‌దే అయినా, అందులో మోడ్‌బస్ టీసీపీ బ్లాక్ ఉందేమో ముందు చూడండి, చాలావాటిలో ఉంటుంది. లేకపోతే ఒక ప్రోటోకాల్‌ను ఇంకోదానిలోకి మార్చే గేట్‌వే మధ్యలో పెట్టుకోవాల్సిందే.

సీరియల్ లైన్ మీద గానీ, డిజిటల్ ఇన్‌పుట్, ఔట్‌పుట్ వైర్లతో గానీ మీ మెషిన్ హాయిగా నడుస్తుంటే దాన్ని కదపకండి. ఈథర్‌నెట్ పెట్టినంత మాత్రాన మెషిన్ వేగం పెరగదు. రెసిపీలు తరచూ మారేవాళ్లకు, పొజిషన్, స్పీడ్, అలారం కోడ్ అన్నీ పీఎల్‌సీలోనే చూడాలనుకునేవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఎక్కడికి వెళ్లాలి, ఎంత వేగంతో వెళ్లాలి, ఎప్పుడు బయల్దేరాలి అన్నది పీఎల్‌సీ చెబుతుంది. ఆ దారిని మిల్లీసెకను మిల్లీసెకనుకూ లెక్కగట్టి సర్వో మోటారును నడిపేది మోషన్ కంట్రోలర్. మోడ్‌బస్ టీసీపీలో ఒక్కో సందేశం ఎప్పుడు చేరుతుందో కచ్చితంగా చెప్పలేం. అందుకే పొజిషన్‌ను పీఎల్‌సీ నుంచి ముక్కలుముక్కలుగా పంపుతూ యాక్సిస్‌ను (మోటారుతో కదిలే భాగాన్ని) నడపాలని చూడొద్దు, కుదుపులు వస్తాయి. వేర్వేరు కంట్రోలర్ల యాక్సిస్‌లు ఒకదానితో ఒకటి అడుగు కలిపి కదలాలంటే ఈథర్‌క్యాట్ లాంటి నెట్‌వర్క్ కావాలి. దాని గడియారాలు మైక్రోసెకనులోపు తేడాతో కలిసి నడుస్తాయి. అది మా ఈ పోర్ట్ చేసే పని కాదు.

ఇక రిజిస్టర్ల, అంటే పీఎల్‌సీ విలువలు రాసే, చదివే గడుల సంగతి. మోడ్‌బస్ రిజిస్టర్ 16 బిట్లది, మన పొజిషన్ 32 బిట్లది, కాబట్టి ఒక పొజిషన్‌కు రెండు రిజిస్టర్లు పడతాయి. వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కో పీఎల్‌సీలో ఒక్కో రకం. వరస తారుమారైతే మీరు రాసిన 1 అవతల 65536 అవుతుంది. మైక్రాన్లలో చూస్తే, కంటికి కనపడనంత కదలాల్సిన యాక్సిస్ 65 మిల్లీమీటర్లు దాటి దూసుకుపోతుందన్నమాట. అందుకే మొదటిసారి డ్రైవ్ (మోటారుకు కరెంటు ఇచ్చేది) ఆఫ్‌లో ఉంచి, 1 రాసి, కంట్రోలర్ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చూడండి. వరస మార్చే సెట్టింగ్ ఇచ్చాం. రెండు రిజిస్టర్లనూ ఒకే రిక్వెస్ట్‌లో చదవండి. విడివిడిగా చదివితే సగం పాత విలువ, సగం కొత్త విలువ కలిసి రావచ్చు. అడ్రస్ ఒకటి అటూ ఇటూ అయ్యే గొడవ కూడా మామూలే: మాన్యువల్‌లో 40001 అని ఉన్నది లైన్ మీద సున్నా.

అసలు తలనొప్పి ఇంకొకటుంది. పీఎల్‌సీ కొత్త టార్గెట్ రాసి స్టార్ట్ ఇస్తుంది. వెంటనే ‘మూవ్ పూర్తయింది’ బిట్ చదువుతుంది. ఆ కమాండ్ అవతలికి ఇంకా చేరలేదు, కాబట్టి కిందటి మూవ్ తాలూకు బిట్ ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. పని అయిపోయిందనుకుని పీఎల్‌సీ క్లాంప్ వదిలేస్తుంది. టేబుల్ మీద టెస్ట్ చేస్తే బాగానే నడిచి, లైన్‌లో బిగించాక ఎప్పుడో ఒకసారి ఇలా జరుగుతుంది. తేలిగ్గా దొరికే రకం తప్పు కాదు. అందుకే కొత్త ఫర్మ్‌వేర్‌లో కమాండ్ నంబర్ పెట్టాం. ప్రతి కమాండ్‌తో మీరు ఒక నంబర్ రాయాలి, కంట్రోలర్ అందుకున్నాక అదే నంబర్‌ను తిరిగి చూపిస్తుంది. రెండూ కలిస్తేనే ‘పూర్తయింది’ బిట్‌ను నమ్మండి. పీఎల్‌సీ ల్యాడర్ ప్రోగ్రామ్‌లో రెండు మూడు రంగ్‌లు (లైన్లు) ఎక్కువవుతాయి, అయినా వదలొద్దు. స్టార్ట్‌ను ఒక్క స్కాన్ (పీఎల్‌సీ ప్రోగ్రామ్ ఒక చుట్టు) పల్స్‌గా ఇచ్చే అలవాటున్నవాళ్లు కూడా అది మానుకోవాలి. ఒక పోలింగ్‌కు (విలువలు పంపుకునే విడతకు), తర్వాతి పోలింగ్‌కు మధ్యలో ఆ పల్స్ ఎగిరిపోతుంది.

ఈథర్‌నెట్/ఐపీ వాడేవాళ్లకు ఈడీఎస్ ఫైల్ (పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌కు మా కంట్రోలర్‌ను పరిచయం చేసేది) ఫర్మ్‌వేర్‌తోపాటే ఇస్తున్నాం. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే టీసీపీ 44818, యూడీపీ 2222 తెరవాలి. మోడ్‌బస్‌కైతే టీసీపీ 502. ఐపీ అడ్రస్‌లు స్టాటిక్‌గానే ఇవ్వండి, మెషిన్ నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకండి.

కేబుల్ ఊడితే ఏమవుతుందని అడిగారు. పీఎల్‌సీ ఒక కౌంటర్‌ను పెంచుతూ ఉండాలి. మీరు పెట్టిన గడువులోపు అది మారకపోతే యాక్సిస్‌లు వేగం తగ్గించుకుని ఆగుతాయి. కానీ ఇది సేఫ్టీ కాదు. ఎమర్జెన్సీ స్టాప్ ఎప్పటిలాగే సేఫ్టీ రిలే నుంచి డ్రైవ్ ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్) టెర్మినల్స్‌కు నేరుగా వైరు ద్వారానే వెళ్లాలి. ‘ఎలాగూ ఈథర్‌నెట్ ఉంది కదా, ఆ వైర్లు తీసేద్దాం’ అంటే మేము ఒప్పుకోం, ఆర్డర్ పోయినా సరే. ఎస్‌టీఓ టార్క్‌ను తీసేస్తుందే తప్ప బరువును పట్టుకోదు కాబట్టి, నిలువు యాక్సిస్‌కు బ్రేక్ విడిగా ఉండాలి.

పోర్ట్ ఉన్న పాత బోర్డులకు ఫర్మ్‌వేర్ ఉచితం. పోర్ట్ లేనివాటికి బోర్డు మార్చాలి, వాటి సీరియల్ సపోర్ట్ మాత్రం కొనసాగుతుంది. అప్‌డేట్ చేసేముందు పారామీటర్లు బ్యాకప్ తీసుకోండి. ఇబ్బంది వస్తే పీఎల్‌సీ మోడల్, మీ రిజిస్టర్ల పట్టిక, కుదిరితే వైర్‌షార్క్ క్యాప్చర్ (నెట్‌వర్క్ సందేశాల రికార్డు) కలిపి పంపండి. ‘కమ్యూనికేషన్ రావట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే, ఇవన్నీ అడుగుతూ మేము తిరిగి రాయాల్సి వస్తుంది.